అరుగు మీద పద్దెనిమిది రోజులు

ఆ శ్రావణంలో మా అత్త రాజవ్వ నన్ను పద్దెనిమిది రోజులు గడప తొక్కనివ్వలేదు. ఊళ్లో అందరికీ నేను కావాలి, నా ఇంట్లో నాకు మాత్రం చోటు లేదు. చెప్పుకుంటే నవ్విపోతారని ఎవరితోనూ అనలేదు కానీ, లోపల నాకు ఒళ్లు మండిపోయేది.

డెబ్భై తొమ్మిదో సంవత్సరం అది. ధర్మసాగర్ అవతల, వాగు దాటితే మా ఊరు. మేముండేది సాలెవాడ. మా ఆయన వెంకటరాజం పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. అత్త పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. నేను ఏడో తరగతి దాకా చదివానన్న ఒకే ఒక్క గొప్పకి పంచాయతీ వాళ్లు నా పేరు ఊరి ఆరోగ్య కార్యకర్తగా రాసేశారు. మూడు నెలలు వరంగల్లో నేర్పించి, భుజానికొక సంచి తగిలించి పంపారు. అందులో దూది, టింక్చరు, జ్వరం గోలీలు. పుండ్లకూ పడిశాలకూ చాలిన సంచి అది. గత్తరకు, అంటే కలరాకు, ఎక్కడ చాలుతుంది?

వానలు పట్టిన వారానికే వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ముందు వాగు ఒడ్డు ఇళ్లలో ఇద్దరు, మూడో రోజుకి పది మంది. నాలుగో రోజు సుబేదారి దవాఖాన నుంచి నర్సు యాకమ్మక్క సెలైన్ సీసాల పెట్టెతో జీపులో దిగింది. నలభై ఏళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలేసి వచ్చి, బడిలో ఒక గదిలో చాప వేసుకుంది. ఏ ఇంటికి వెళ్లినా ఆమె అడిగే మొదటి మాట ఒకటే: "ఉచ్చ పోసిండా?" పోశాడంటే ఆమె ముఖం వికసించేది. పోయలేదంటే చీర కొంగు బిగించేది.

గత్తర మొదలైన మొదటి రోజు సాయంత్రం నేను అలిసిపోయి ఇంటికొచ్చేసరికి అత్త గడపకు అడ్డంగా నిలబడి ఉంది.

"గత్తరిండ్లన్ని తిరిగి నా ఇంట్లకత్తవా? ఆడనే ఉండు. అరుగు మీద పండు."

"అత్తా, చేతులు కడుక్కున్న..."

"తానం చెయ్యి. తడిక ఎనుక కాగుల నీళ్లు వెట్టిన. ఆ చీర ఉడుకునీళ్లల్ల ఏసి తియ్యి. నీ సంచి ఆ మొగురం గుంజకు తలిగియ్యి, లోపటికి తేకు."

మా ఆయన మగ్గం దగ్గర నుంచి తల ఎత్తి చూసి, మళ్లీ పోగుల మధ్య నాడె ఆడించుకున్నాడు. ఆ రోజు నుంచి అరుగే నా ఇల్లయింది. అత్త కంచం తెచ్చి మూరెడు దూరంలో పెట్టి, నాలుగు తిట్లు తిట్టి లోపలికి పోయేది. కానీ ఏ పూట ఎంత ఆలస్యంగా వచ్చినా తడిక వెనుక కాగులో వేణ్ణీళ్లు ఉండేవి. అది మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

పొద్దున్నే నేనూ యాకమ్మక్కా బడి అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లం. రోజు మొత్తంలో మాకు మిగిలే సుఖం అదొక్కటే. ఆ పావుగంట ఎవరి రోగం గురించీ మాట్లాడుకోకూడదని ఆమె షరతు. మొగుళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం.

"మా ఇంటాయన నన్ను జూత్తె దూరం జరుగుతడు, నీ దగ్గర బ్లీచింగ్ వాసనత్తాంది అంటడు," అనేది యాకమ్మక్క. "ఏం జేత్తం? పూలు వెట్టుకుంటె పూల మీన్నించి గూడ అదే వాసన."

"నీదే నయం అక్కా. మా ఆయన బావి కాడికే రానిత్తలేడు."

అది నిజమే. ఊళ్లో బావులన్నిట్లో బ్లీచింగ్ పొడి వేశాం కానీ సాలెవాడ బావి దగ్గర మాత్రం మమ్మల్ని అడ్డుకున్నారు. ఆ నీళ్లతోనే నూలు తడుపుతారు, గంజి పెడతారు. పొడి కలిపితే నూలు రంగు దిగిపోతుందని వాళ్ల భయం. అందరికంటే ముందు అడ్డం నిలబడ్డది నా మొగుడే. "నీ గోలీలు నువ్వు పంచుకో నిర్మలా, బావి జోలికి రాకు. ఎర్ర పడుగు నూలు తెల్లవడితె ఎవడు కొంటడు?" అన్నాడు నలుగురిలో. వాడలో ఇంటికొకరు పడుతున్నా ఆ బావి నీళ్లే తాగారు. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం యాకమ్మక్క మా అరుగు మీదే వాడ ఆడవాళ్లను కూర్చోబెట్టి ఉప్పు చక్కెర నీళ్లు కలపడం నేర్పించింది. "సేరు నీళ్లు కాగవెట్టి సల్లార్చాలె. గుప్పెడు శక్కరి. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు. నాలికె మీద ఏసుకొని సూడుండ్రి. కన్నీళ్ల కన్న ఉప్పగ ఉండొద్దు. గంతే లెక్క."

తలుపు చాటు నుంచి మా అత్త గొంతు వినిపించింది. "కక్కేటోళ్లకు నీళ్లు తాపుతరా? ఇంకింత కక్కరా?"

"కక్కితె కక్కనియ్యి అవ్వా, జరసేపాగి మళ్ల తాపాలె. ఒంట్ల నీళ్లన్ని పోయే మనిషి సచ్చేది. పోయిన నీళ్లు మళ్ల పోత్తె బతుకుతడు."

"పెద్దలు వద్దన్నరు."

"పెద్దలకు ఎరుక లేక అన్నరు."

లోపల ఏదో దబ్బున పడింది. కండెల బుట్ట విసిరికొట్టి అత్త పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు యాకమ్మక్క పలకరించినా పలకలేదు. ముసలిదానికి మొండితనం ఎక్కువైందని నేను మనసులో తిట్టుకున్నాను.

పదో రోజు ఎల్లస్వామి పోయాడు. ఊరి పెద్దమనిషి రాయమల్లు కొడుకు, పాతికేళ్లవాడు. పొద్దున బాగానే ఉన్నాడు, లేచి కూర్చున్నాడు, తినడానికి గట్క అడిగాడు. యాకమ్మక్క వాడి చెయ్యి పట్టుకుని "డోకా లేదు పో" అని, వాడికి ఎక్కుతున్న సెలైన్ సీసా సగంలోనే తీసి పక్కింట్లో పడి ఉన్న బాలింతకు పెట్టింది. సీసాలు అంత తక్కువగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ఎల్లస్వామికి మళ్లీ మొదలైంది. కబురు అంది మేము పరుగెత్తేసరికి అంతా అయిపోయింది.

రాయమల్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "సాలు, మీ మందులు సాలు," అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రమే డప్పు మోగింది. ఆదివారం పొద్దు పొడవకముందే ఊరంతా ఊరు విడిచిపెట్టాలి. పిల్లాపీచూ, గొడ్డూగోదా అంతా ఊరవతలి మామిడితోపుకు పోవాలి. పొద్దు గూకేదాకా ఊళ్లో మనిషి ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు. అలా చేస్తే గత్తర ఖాళీ ఊరు చూసి వెళ్లిపోతుందని మా వైపు నమ్మకం.

ఆ చాటింపు అవుతున్నప్పుడు నేను బడి దగ్గరికి వెళ్లాను. యాకమ్మక్క మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు బకెట్టు నీళ్లలో పెట్టి అలాగే ఉంచేసింది.

"నిర్మలా, నాకు లేవ శాతనైతలేదు," అంది. "కాళ్లు మంచిగనే ఉన్నయి. లేవబుద్ధయితలేదు. ఆ పిలగాని చెయ్యి వట్టుకొని డోకా లేదన్న."

మూడు నెలల శిక్షణలో నాకు కట్టు కట్టడం నేర్పారు, జ్వరం చూడడం నేర్పారు. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. నేను ఆమె చేతులు నీళ్లలోంచి తీసి, నా కొంగుతో తుడిచి, చెయ్యి పట్టుకుని మా అరుగు దగ్గరికి నడిపించుకొచ్చాను. అత్త తలుపు దగ్గర నిలబడి ఆమెనే చూసింది. ఎప్పుడూ తిట్టేది, ఆ రోజు తిట్టలేదు. కాసేపటికి తడిక వెనుక రెండో కాగు పెట్టింది, కంచాలు రెండు తెచ్చింది. యాకమ్మక్క రెండు ముద్దలు తిని ఏడ్చింది. ఏడుస్తూనే మిగతాదీ తినేసింది. ఆ రాత్రి నుంచి ఆమె చాప కూడా మా అరుగు మీదికే వచ్చింది.

ఆదివారం ఇంకా మసక మసకగా ఉండగానే బండ్లు కదిలాయి. మా పక్కిల్లు సారయ్యది. అతని పెళ్లాం చిలుకమ్మకు సీరియస్ అయితే నాలుగు రోజుల కిందటే జీపులో వరంగల్ దవాఖానకు తీసుకుపోయాడు. ఆరేళ్ల కూతురు సారలమ్మను వాడ మీద వదిలి వెళ్లాడు. ఆ పిల్లని బండెక్కించడానికి వెళ్లిన నాకు, గుమ్మంలో ముడుచుకుని పడి ఉన్న మూట కనిపించింది. కళ్లు గుంటలు పడ్డాయి, పెదవులు ఎండిపోయాయి. యాకమ్మక్క పరుగున వచ్చి పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. మడత అలాగే నిలిచిపోయింది. సెలైన్ సీసాలు ముందు రోజే అయిపోయాయి. వాగు పొంగి జీపు రావడం లేదు.

"బండ్లె పండవెట్టుండ్రి," అన్నాడు రాయమల్లు.

"బండి కుదుపులకు పిల్ల నిలువది పటేలా. కదిలియ్యొద్దు."

"ఊర్ల ఎవ్వరు ఉండొద్దు నర్సమ్మా. నువ్వు బయటిదానివి, నీకు నేను చెప్పలేను. నిర్మలా, నువ్వు ఊరి కోడలివి. నడువు."

బండి మీద నుంచి మా ఆయన నన్నే చూస్తున్నాడు. "నేనూ ఉంట," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను.

అప్పుడు మా అత్త, బండి చక్రం మీద పెట్టిన కాలు తీసేసింది. "నేను గూడ రాను. కీళ్లు గుంజుతానయి," అని వచ్చి మా అరుగు మీద చతికిలబడింది. పొద్దు పొడుస్తోంది, డప్పు ముందుకెళ్లిపోయింది. రాయమల్లు పళ్లు కొరుక్కుంటూ బండ్ల వెనకాల నడిచాడు.

ఊరు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. కుక్కలు కూడా మనుషుల వెంట పోయాయి. పిల్లని తెచ్చి అత్త ఒళ్లో పడుకోబెట్టాం. నీళ్లు కాచాలి. పొయ్యి వెలిగిస్తే తోపులోకి పొగ కనిపిస్తుంది. నేనూ యాకమ్మక్కా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం.

"ఏం సూత్తానరు? పిల్లను వట్టు," అంది అత్త. తనే లేచి వెళ్లి పొయ్యి ముట్టించింది. "పొగ లేత్తె లేవనియ్యి."

నీళ్లు మరిగి చల్లారేలోపు యాకమ్మక్క నా చెయ్యి గిల్లింది. నాకూ అదే తోచింది. పిల్లని మళ్లీ అత్త ఒళ్లో పెట్టి, ఇద్దరం పొడి డబ్బా తీసుకెళ్లి సాలెవాడ బావిలో కలిపి వచ్చాం. దొంగతనం చేసినట్టే ఉంది. అత్త అరుగు మీద నుంచి అంతా చూసింది. మా వంక ఒక చూపు చూసి తల తిప్పుకుంది.

చక్కెర, ఉప్పు తనే కలిపింది. చెంచాతో నాలుక మీద వేసుకుని చప్పరించింది. "కన్నీళ్లంత అన్నవు గద నర్సమ్మా. ఆ రుచి నాకెరుకే," అంది. మొదటి రెండు సార్లు పిల్ల కక్కేసింది. ఆగి మళ్లీ పోశాం. మూడోసారి చెంచాడు నిలిచింది. ఇక చెంచా తర్వాత చెంచా. మా వంతు వచ్చేదాకా కాస్త నడుము ఆనిద్దామని నేనూ యాకమ్మక్కా గోడకి చేరగిలబడ్డాం. పన్నెండు రోజుల నిద్ర ఒక్కసారి మీద పడింది.

కళ్లు తెరిచేసరికి ఎండ పడమటికి వాలింది. చూస్తే అత్త అలాగే కూర్చుని ఉంది, అదే చెంచా, అదే ఒడి. పిల్ల చెవి దగ్గర వంగి మెల్లగా మాట్లాడుతోంది.

"తాగు సమ్మమ్మా. ఇంకొక్కటి. అడిగినన్ని ఇత్త. తాగు నా తల్లీ."

"అత్తా," అన్నాను, "గా పిల్ల సారలమ్మ."

"ఎరుకే." చెంచా ఆపలేదు. "సమ్మమ్మ నా పెద్దబిడ్డ. మీ ఆయన అప్పటికి పుట్టలే. రజాకార్ల గడిబిడి సల్లవడ్డ ఏడు గత్తర లేసింది. ఈ పిల్ల ఈడుదే. నీళ్లు, నీళ్లు అని రెండు దినాలు అడిగింది. కక్కేటోళ్లకు నీళ్లియ్యొద్దన్నరు పెద్దలు. నేను ఇయ్యలే. కుండను సూసి ఏడుత్తాందని కుండను అవతల వెట్టిన."

నాలుగేళ్ల కాపురంలో ఆ ఇంట్లో సమ్మమ్మ అనే పేరు నేను వినలేదు. మా ఆయనకు ఒక అక్క ఉండేదని కూడా తెలియదు. కండెల బుట్ట ఎందుకు విసిరికొట్టిందో అప్పుడు అర్థమైంది. నీళ్లు తాపితే బతుకుతారని యాకమ్మక్క అన్న ప్రతిసారీ ఆ ముసలి ప్రాణం ఎంత కోసుకుపోయి ఉంటుందో తలుచుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.

యాకమ్మక్క కూడా లేచి కూర్చుంది. అత్త ఆమె వైపు తిరిగింది.

"నర్సమ్మా, నిజం జెప్పు. నేను నీళ్లిత్తె నా బిడ్డ బతుకునా?"

నేనైతే అబద్ధం చెప్పేదాన్ని. బతకదు అవ్వా, అది నీ చేతుల్లో లేదు అని ఒట్టేసి చెప్పేదాన్ని. యాకమ్మక్క చెప్పలేదు. అత్తకు దగ్గరగా జరిగి కూర్చుంది.

"బతుకునేమో అవ్వా. నాకు తెల్వది. నేను సీసా తియ్యకపోతె ఎల్లస్వామి బతుకునా అంటె, అదీ తెల్వది."

"అయితె నీకూ తెల్వది, నాకూ తెల్వది," అంది అత్త. చెంచా ఆమె చేతిలో పెట్టింది. "పట్టు. నా చెయ్యి గుంజుతాంది. జరసేపు నువ్వు తాపు."

యాకమ్మక్క తాపింది. తర్వాత నేను తాపాను. ఎండ అరుగు దిగి వాకిట్లోకి జారుతున్న వేళ అత్త ఉలిక్కిపడి ఒళ్లోకి చూసుకుంది. చీర తడిసిపోయింది.

"ఉచ్చ పోసింది!" అని అరిచింది. ఖాళీ వాడలో ఆ అరుపు అవతలి గోడలకి తగిలి తిరిగొచ్చింది. "నర్సమ్మా, పిల్ల ఉచ్చ పోసింది! నా మీదనే పోసింది!"

ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం. ఎల్లస్వామి పోయాక యాకమ్మక్క నవ్వడం అదే మొదలు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పొద్దు గూకేసరికి బండ్లు తిరిగొచ్చాయి. పొగ వాళ్లకు తోపులోంచే కనిపించిందట. వాడలోకి రాగానే బావి వాసన కూడా తెలిసిపోయింది. రాయమల్లు తిన్నగా మా అరుగు ముందుకొచ్చి నిలబడ్డాడు, వెనక సగం ఊరు.

"పొయ్యి ఎవలు ముట్టిచ్చిండ్రు? బావిల పొడి ఎవలేసిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "నేనే. పొయ్యి ముట్టిచ్చిన, పొడి గూడ నేనే ఏపిచ్చిన. ఏమన్న అనేదుంటె నన్ను అను." ఒళ్లో పిల్ల నిద్రపోతోందని గొంతు తగ్గించింది. "రాయమల్లూ, నీ కొడుకు పోయిండు. ఆ బాధ నాకెరుక. నా బిడ్డ పోయిన ఏడు నేను గూడ మీ అందరి తోని పోయి ఆ తోపులనే కూసున్న. గీ పిల్లను ఇడిసిపెట్టి మళ్ల పోయి కూసుండ నాతోని కాలే."

ఆ సద్దుకి సారలమ్మ కళ్లు తెరిచింది. "అవ్వా, నీళ్లు," అంది.

రాయమల్లు ఆ పిల్లని చూస్తూ నిలబడ్డాడు. ఆయన మొహం చూడలేక నేను తల దించుకున్నాను. కాసేపటికి ఆయన వంగి, అరుగు చివర ఉన్న చెంబు తీసి అత్త చేతికి అందించాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. జనం కూడా ఒక్కొక్కరే చెదిరారు.

మా ఆయన మిగిలాడు. బావి వైపు చూశాడు, ఇంట్లో మగ్గం మీది ఎర్ర పడుగు వైపు చూశాడు. నన్ను ఏదో అనబోయి తల్లిని చూసి మానుకున్నాడు. తర్వాతి వారం అదే నీళ్లతో నూలు తడిపాడు, రంగు ఎక్కడికీ పోలేదు.

"అవ్వా, ఇంట్లకు రా. పొద్దంత ఎండల కూసున్నవట," అన్నాడు.

"నేనెట్లత్తరా? గత్తర పిల్లను పొద్దంత ఒళ్లె వెట్టుకున్న. కోడలికి జెప్పిన మాట నాకు లేదా?" అత్త చాప తెప్పించుకుని మా రెండు చాపల పక్కన పరిచింది. అరుగు నిండిపోయింది. "పో, కాగు వెట్టు. ముగ్గురికి నీళ్లు కావాలె."

పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ఎరగని మనిషి మా ఆయన. లోపల ఊదలేక, పొగకు ఓర్చుకోలేక దగ్గుతున్నాడు. యాకమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"కట్టెలు ముందటికి జరుపురా!" అని కేకేసింది అత్త. "జర బుద్ధిగ నేర్సుకో. రేపు గూడ నువ్వే వెట్టాలె."

గత్తర సద్దుమణగడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. రెండో రోజే వాగు తగ్గి జీపు వచ్చింది, వారంలో చిలుకమ్మ బతికి ఇంటికొచ్చింది. ఆ ఆరు రోజులూ మాతో పాటు ఒక ముసలావిడ చెంబూ చెంచా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది, మా కంటే ముందు తనే "ఉచ్చ పోసిండా?" అని అడిగింది. అత్త నన్ను పద్దెనిమిది రోజులు గడప తొక్కనివ్వలేదన్నాను కదా. అందులో చివరి ఆరు రోజులు తనూ తొక్కలేదు.